సొంత చేతికి సరిపోయే ఎయిర్ పిస్టల్: మొదటిసారి అమర్చుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

రేంజ్‌లో కొత్తగా చేరినవాళ్ళు అడిగే ప్రశ్నలు ఆరేళ్ళుగా అవే. గ్రిప్ (చేత్తో పట్టుకునే చెక్క పిడి) గీకొచ్చా, ట్రిగ్గర్ ఎంత బిగించాలి, ఇంట్లో ప్రాక్టీస్ చేస్తే పోలీసులు వస్తారా. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ గొంతు పోయింది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ గురించి మాత్రమే, అంటే గాలి ఒత్తిడితో పెల్లెట్‌ని (చిన్న సీసం గుండుని) 10 మీటర్ల దూరంలోని కార్డు మీదకి కొట్టే పిస్టల్. నేను కోచ్‌ని కాను, ఆదివారం షూటర్‌ని. గ్రిప్ చెక్క పనిలో మాత్రం కాస్త చెయ్యి తిరిగింది, రెండు గ్రిప్పులు పాడు చేశాక.

## కొనకముందు వచ్చే అనుమానాలు

అన్నా, యూట్యూబ్‌లో విడిభాగాలు తెప్పించుకుని పిస్టల్ ఇంట్లోనే బిగిస్తున్నారు. మనమూ చేయొచ్చా?

మందుగుండుతో పేలే పిస్టల్ అయితే కుదరదు. ఆ వీడియోలు దాదాపు అన్నీ అమెరికావి. మన 1959 ఆయుధాల చట్టంలో ఫైర్ ఆర్మ్ అనే మాటలోకి దాని విడిభాగాలు కూడా వస్తాయి. అంటే బారెల్ ఒక్కటే తెప్పించుకున్నా ఆయుధం తెప్పించుకున్నట్టే లెక్క. లైసెన్స్ లేకుండా తయారు చేస్తే 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం 7 ఏళ్ళు, గరిష్ఠంగా యావజ్జీవం. "నేను అమ్మట్లేదు కదా, సరదాకే కదా" అన్నది అక్కడ పనిచేయదు. చేత్తో పనిచేసే సరదా ఉన్నవాళ్ళకి ఎయిర్ పిస్టల్‌లోనే కావలసినంత పని ఉంది: గ్రిప్, గురి చూసే సైట్లు, ట్రిగ్గర్ అమరిక, బరువులు.

ఎయిర్ పిస్టల్‌కి లైసెన్స్ కావాలా?

2016 ఆయుధాల నియమాల ప్రకారం బోరు (బారెల్ లోపలి వెడల్పు) 4.5 మిల్లీమీటర్లు, మజిల్ ఎనర్జీ (బారెల్ దాటేటప్పుడు పెల్లెట్‌కి ఉండే శక్తి) 20 జౌళ్ళు దాటకపోతే అక్కర్లేదు. పోటీల్లో వాడే ఎయిర్ పిస్టల్ బోరు సరిగ్గా 4.5 మిల్లీమీటర్లే. అర గ్రాము పెల్లెట్ సెకనుకి 150 మీటర్ల వేగంతో వెళ్తే లెక్క 6 జౌళ్ళ దగ్గర తేలుతుంది. పరిమితికి చాలా కిందన్నమాట. బిల్లు మాత్రం పారేయకండి. నా బిల్లుకి లామినేషన్ చేయించి కేసులోనే పెట్టాను.

టాయ్ గన్‌నో, పాత ఎయిర్ గన్‌నో మార్చి పవర్ పెంచితే ఏమవుతుంది?

నకిలీ తుపాకిని నిజం తుపాకిగా మార్చడం అదే చట్టం కింద నేరం. ఎయిర్ గన్ పవర్ పెంచితే 20 జౌళ్ళు దాటే ప్రమాదం ఉంది, దాటితే లైసెన్స్ లేని ఆయుధం మీ ఇంట్లో ఉన్నట్టే. చట్టం పక్కన పెట్టినా, 10 మీటర్ల ఆటలో పవర్‌తో పనే లేదు. కాగితానికి చిల్లు పడితే చాలు. పవర్ పెరిగితే పిస్టల్ చేతిలో ఎక్కువ కదులుతుంది, గురి చెడుతుంది. ఇంత చెప్పినా నెలకొకరు అడుగుతూనే ఉంటారు.

నేను అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నాను. ఇక్కడ కిట్ కొని పిస్టల్ బిల్డ్ చేసుకోవచ్చా?

ముందు మీ వీసా సంగతి చూసుకోండి. ఆ దేశపు ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు, అంటే హెచ్1బీ, ఎఫ్1 వాళ్ళంతా, ఫైర్ ఆర్మ్ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. పౌరులకి, గ్రీన్ కార్డు వాళ్ళకి సొంత వాడకానికి తయారు చేసుకోవడం ఫెడరల్ స్థాయిలో నేరం కాకపోయినా, కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో సొంత కట్టుబాట్లు గట్టిగా ఉన్నాయి. సులువుగా బిగించుకునే కిట్లను ఫైర్ ఆర్మ్‌గానే చూడాలన్న 2022 నాటి ఫెడరల్ నిబంధనని అక్కడి సుప్రీంకోర్టు 2025 మార్చిలో 7–2 తేడాతో నిలబెట్టింది. ఎయిర్ పిస్టల్ ఫెడరల్ చట్టంలో ఫైర్ ఆర్మ్ కాదు. కానీ మనవాళ్ళు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో రాష్ట్ర చట్టం దాన్నీ ఫైర్ ఆర్మ్‌గానే చూస్తుంది. ఒక సరదా కోసం వీసాని పణంగా పెట్టకండి. లాయర్‌ని అడిగాకే ముందుకెళ్ళండి.

నాకు 38 ఏళ్ళు. ఇప్పుడు మొదలుపెడితే నవ్వుతారా?

నవ్వరు. పక్క లేన్‌లో ఎవరున్నారో చూసే తీరిక ఎవరికీ ఉండదు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 13 ఏళ్ళకే 2018లో జాతీయ ఛాంపియన్ అయింది, నిజమే. అది వేరే దారి. మనం మన నిన్నటి స్కోరుతో పోటీ పడదాం. భుజం నొప్పి, బీపీ ఉన్నవాళ్ళు డాక్టర్‌కి ఒక మాట చెప్పండి. కిలో బరువుని చాచిన చేత్తో పట్టుకుని గంటకు పైగా నిలబడే ఆట ఇది.

## కొనేటప్పుడు

మొదటి రోజే సొంత పిస్టల్ కొనాలా?

వద్దు. కనీసం మూడు నెలలు రేంజ్ పిస్టల్‌తో కాల్చండి. మోరినీ, స్టెయర్, ఫైన్‌వెర్క్‌బావు, వాల్టర్, పార్దినీ లాంటివన్నీ బయటి దేశాల నుంచి వచ్చేవే, ధర లక్షల్లో మాట. ఏ కంపెనీది గొప్ప అని రేంజ్‌లో సినిమా హీరోల అభిమానుల్లా కొట్టుకుంటారు. పట్టించుకోకండి. ఈ స్థాయి పిస్టల్‌ని స్టాండ్‌కి బిగించి కాలిస్తే పెల్లెట్లన్నీ ఇంచుమించు ఒకే చిల్లులోంచి వెళ్తాయి. చెదరడం మొదలయ్యేది మన చేతిలోకి వచ్చాకే. అందుకే కంపెనీ పేరు కన్నా గ్రిప్ సైజు ముఖ్యం.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే ఏం చూడాలి?

ముందు సిలిండర్ మీద చెక్కిన తేదీ. గాలి సిలిండర్లకి గడువుంటుంది, చాలావాటికి 10 ఏళ్ళు. నా మొదటి పిస్టల్ ఒక పెద్దమనిషి దగ్గర కొన్నాను. పిస్టల్ అద్దంలా ఉంది, కేసులో సిలికా జెల్ సంచీతో సహా ఇచ్చాడు. సిలిండర్ గడువు అప్పటికే రెండేళ్ళ క్రితం అయిపోయిందని ఇంటికొచ్చాక చూశాను. అడిగితే "ఏం కాదు తమ్ముడూ, నేను వాడుతూనే ఉన్నాగా" అన్నాడు. 200 బార్ల ఒత్తిడి ఉండే గొట్టం మొహానికి దగ్గరగా ఉంటుంది, దానితో "ఏం కాదు" కుదరదు. కొత్త సిలిండర్ ఖర్చుతో నా బేరం లాభం ఎగిరిపోయింది.

తర్వాత చూడాల్సింది: గాలి నింపి ఒక రాత్రి వదిలేసి, పొద్దున గేజ్ ముల్లు కిందికి దిగిందేమో. దిగితే ఎక్కడో సీల్ లీక్. ఒరిజినల్ బిల్లు అడగండి, సీరియల్ నంబరు సరిపోల్చుకోండి. గ్రిప్ గీకేసి ఉంటే భయపడకండి, దాని పేరు చెప్పి ధర తగ్గించమనండి.

గ్రిప్ ఎస్, ఎం, ఎల్ అంటున్నారు. నాకు ఏది?

చొక్కా సైజుతో సంబంధం లేదు. పిస్టల్ పట్టుకుని చూపుడు వేలు ట్రిగ్గర్ మీద పెట్టండి. మొదటి కణుపు మెత్తటి భాగం మధ్యలో ట్రిగ్గర్ పడాలి, వేలు పక్క భాగం చెక్కకి తగలకూడదు. తగులుతుంటే గ్రిప్ మీకు పెద్దది. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే చిన్నదే తీసుకోండి అని కొందరంటారు, పెద్దది తీసుకుని గీకుకోండి అని కొందరు. నాది మొదటి పక్షం. పుట్టీ ముద్ద పెట్టి పెంచితే మళ్ళీ తీసేయొచ్చు. గీకిన చెక్క తిరిగి రాదు.

మా పాప 11 ఏళ్ళది. దానికి గ్రిప్ చేయించాలా?

ఇప్పుడే ఖరీదైన గ్రిప్ చేయించకండి. ఆ వయసులో చెయ్యి ఏడాదికే మారిపోతుంది. దొరికినంతలో చిన్న గ్రిప్ తీసుకుని ఖాళీలు పుట్టీతో నింపండి, ఆరు నెలలకోసారి సరిచేయండి. చేతికి బరువు ఎక్కువైతే షాట్ల సంఖ్య తగ్గించండి. మధ్యలో చెయ్యి దించి విశ్రాంతి తీసుకోవడం ముందు నేర్పండి. పిల్లలు ఉన్న ఇంట్లో పిస్టల్ తాళం వేసిన పెట్టెలో, పెల్లెట్లు వేరే చోట.

నాది ఎడమ చెయ్యి వాటం. కుడి చేతి పిస్టల్ దొరికింది, తీసుకోవచ్చా?

పిస్టల్ తీసుకోవచ్చు, గ్రిప్ మార్చాల్సిందే. కుడి చేతి గ్రిప్‌ని ఎడమ చేత్తో పట్టుకోవడం కాలి చెప్పు అటుదిటు వేసుకున్నట్టు. ముందే ఎడమ గ్రిప్ ధర, దొరకడానికి పట్టే సమయం కనుక్కోండి. నెలల తరబడి ఆగాల్సి రావొచ్చు.

## గ్రిప్ పని

గ్రిప్‌కి ఎందుకింత గొడవ? గట్టిగా పట్టుకుంటే సరిపోదా?

లెక్క చెప్తాను. ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం సుమారు 35 సెంటీమీటర్లు. కార్డు 10 మీటర్ల అవతల. మీ చెయ్యి మొత్తం 5 మిల్లీమీటర్లు పక్కకి ఊగినా, సైట్లు రెండూ ఒకదాని వెనక ఒకటి సరిగ్గా ఉంటే, పెల్లెట్ కూడా 5 మిల్లీమీటర్లే పక్కకి పడుతుంది. 10 వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు కాబట్టి అది పదే. అదే మణికట్టు కాస్త తిరిగి ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగిందనుకోండి, కార్డు మీద అది 28 మిల్లీమీటర్లవుతుంది. పదికి పోవాల్సింది ఏడుకి పడుతుంది.

ఊగడం అందరికీ ఉంటుంది, ఒలింపిక్ షూటర్లకీ ఉంటుంది. ఊగినా తిరగకుండా ఉండడమే గ్రిప్ చేసే పని. గట్టిగా పిసికితే వేళ్ళు వణుకుతాయి, మణికట్టు తిరుగుతుంది. అన్నం ముద్దని జారిపోకుండా, నలిగిపోకుండా పట్టుకుంటాం చూడండి, దాదాపు ఆ పట్టు.

నా గ్రిప్ సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

పెల్లెట్ లేకుండా, తెల్ల గోడ వైపు నిలబడండి. పిస్టల్ పట్టుకుని, కళ్ళు మూసుకుని, చెయ్యి ఎత్తండి. రెండు శ్వాసలు ఆగి కళ్ళు తెరవండి. ముందు సైట్, వెనక సైట్‌లోని నాచ్ (గాడి) మధ్యలో, పై అంచులు సమంగా కనపడితే సరిపోయినట్టు. ఇలా పదిసార్లు చేసి ఎటు తప్పిందో కాగితం మీద రాసుకోండి. పదిలో ఎనిమిది సార్లు ఒకే వైపు తప్పితే గ్రిప్ తప్పు. తలా ఓ వైపు తప్పితే మీరు పట్టుకునే తీరు ఇంకా కుదరలేదు, చెక్క జోలికి వెళ్ళొద్దు.

ముందు సైట్ ఎప్పుడూ ఎడమకే పోతోంది. ఎక్కడ గీకాలి?

కుడి చేతి వాళ్ళకి చెప్తున్నాను. పిస్టల్ ముక్కు ఎడమకి చూస్తోంది, దాన్ని కుడికి తిప్పాలి. అరచెయ్యి ఆనేది గ్రిప్ కుడి పక్కన. అక్కడ చెక్కకి ఉండే ఉబ్బు వెనక భాగంలో, అంటే మణికట్టు వైపు, పల్చగా పుట్టీ వేస్తే గ్రిప్ వెనక భాగం ఎడమకి నెట్టుకుపోతుంది, ముక్కు కుడికి వస్తుంది. కుడికి పోతుంటే దీనికి తిరగేసి: అదే చోట కొంచెం గీకండి. అర మిల్లీమీటరుకి మించి ఒక్కసారి మార్చకండి. పైకో కిందికో పోతుంటే చెక్కతో పనిలేదు, చాలా పిస్టళ్ళలో గ్రిప్ వంపు మార్చే స్క్రూ ఉంటుంది, అది చూసుకోండి. ఎడమ చేతి వాళ్ళు ఈ జవాబుని అద్దంలో చదవాలి.

చెయ్యి ఎక్కడ ఆనుతోంది, ఎక్కడ ఆనట్లేదు అన్నది ఎలా కనిపెట్టాలి?

మా ఇంట్లో నేను వాడింది కుంకుమ. చెంచాడు కుంకుమలో నాలుగు చుక్కల కొబ్బరి నూనె కలిపి అరచేతికి పల్చగా రాసుకుని, గ్రిప్ ఒక నిమిషం మామూలుగా పట్టుకుని వదిలేశాను. ముదురు ఎరుపు పడిన చోట ఒత్తిడి ఎక్కువ. రంగే పడని చోట ఖాళీ. నాకు బొటనవేలి మొదలు కింద రూపాయి బిళ్ళంత మేర చెక్క తెల్లగా మిగిలింది, అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. నాలుగు నెలలుగా ఆ గాలిని పట్టుకుని కాలుస్తున్నానన్నమాట. పాలిష్ లేని చెక్కకి మరక పోదు, ఎలాగూ గీకుతాం కాబట్టి పర్లేదు. మరక వద్దనుకుంటే సుద్దపొడి వాడండి. కుంకుమ భరిణె ఖాళీ చేసినందుకు ఇంట్లో పడిన చీవాట్లు మాత్రం నా సొంతం.

పుట్టీ ఏది వాడాలి? ఎలా పెట్టాలి?

రెండు ముద్దలు కలిపే ఎపాక్సీ పుట్టీ ఏదైనా సరిపోతుంది. హార్డ్‌వేర్ షాపులో ఎంసీల్ అంటే ఇస్తాడు. ముందు గ్రిప్‌ని పిస్టల్ నుంచి విప్పండి, పెట్టాల్సిన చోట సాండ్ పేపర్‌తో గరుకు చేయండి, లేకపోతే వారానికే పెచ్చు ఊడుతుంది. గ్లవ్స్ వేసుకుని రెండు ముద్దలు రంగు ఒకటయ్యేదాకా పిసకండి. చపాతీ అంత పల్చగా పరిచి, పైన వంటింటి ప్లాస్టిక్ పొర కప్పి, గ్రిప్‌ని మళ్ళీ బిగించి, కాల్చేటప్పుడు నిలబడినట్టే నిలబడి పట్టుకోండి. కూర్చుని పట్టుకుంటే చెయ్యి ఆకారమే వేరు. నా మొదటి గ్రిప్ పాడైంది ఇక్కడే, టీవీ ముందు సోఫాలో కూర్చుని పట్టుకున్నాను. రెండు నిమిషాలు చాలు, వదిలేసి మర్నాటిదాకా ముట్టుకోకండి.

ఏం పనిముట్లు కావాలి?

అర్ధచంద్రాకారపు ఆకురాయి ఒకటి, చిన్న గుండ్రటి ఆకురాయి ఒకటి, 80, 120, 240 నంబరు సాండ్ పేపర్లు, ఒక పెన్సిలు. అంతే. కరెంటు గ్రైండర్ ముట్టుకోకండి. నా రెండో గ్రిప్ దాని దెబ్బకే పోయింది, మూడు సెకన్లలో. మూతికి మాస్క్ పెట్టుకోండి, వాల్‌నట్ పొడి కొందరికి పడదు. పిస్టల్‌ని వేరే గదిలో ఉంచండి. చెక్క పొడి లోపలికి వెళ్తే సీళ్ళు, వాల్వ్ పాడవుతాయి.

మొత్తం గ్రిప్ నేనే చెక్కుకోవచ్చా? మా ఊళ్ళో మంచి వడ్రంగి ఉన్నాడు.

చెక్కుకోవచ్చు, నియమాలకి లోబడితే చాలు. అయితే కష్టమంతా బయటి ఆకారంలో లేదు, పిస్టల్ ఫ్రేముకి కూర్చునే లోపలి గాడిలో ఉంది. అది వెంట్రుకవాసి వదులైనా ప్రతి షాట్‌కీ గ్రిప్ కదులుతుంది. అందుకే కంపెనీ గ్రిప్ తీసుకుని బయట మార్చుకోవడమే తెలివైన పని. వడ్రంగితో చేయించాలనే ఉంటే టేకు బాగుంటుంది, కాస్త బరువు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్ర తేలిగ్గా తెగుతుంది కాబట్టి ముందు నమూనా చెక్కి చూసుకోవడానికి బంగారం లాంటిది, కానీ మెత్తన, స్క్రూ నిలవదు. పిస్టల్‌ని వడ్రంగి దగ్గర వదిలి రాకండి. పాత గ్రిప్ ఇచ్చి కొలతలు తీసుకోమనండి.

గ్రిప్ పనయ్యాక వార్నిష్ వేయాలా?

వద్దే వద్దు. మే నెలలో మన చెమటకి వార్నిష్ గ్రిప్ చేపలా జారుతుంది. విశాఖ, కాకినాడ వైపు అయితే ఏడాది పొడుగునా అంతే. చెక్కని గరుకుగానే వదిలేయండి. మరీ పొడిబారితే ఏడాదికోసారి గుడ్డతో అవిసె నూనె ఒక చుక్క రాసి రెండు రోజులు ఆరనివ్వండి.

గ్రిప్‌ని ఎంతదాకా మార్చొచ్చు? పోటీలో తీసేస్తారా?

అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల్లో గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. గ్రిప్ చేతిని దాటి ఎక్కడా ఆసరా ఇవ్వకూడదు, మణికట్టు స్వేచ్ఛగా ఉన్నట్టు కంటికి కనపడాలి. అరచేతి కింద ఆనే పలక గ్రిప్‌తో 90 డిగ్రీల కన్నా తక్కువ కోణంలో పైకి వంగకూడదు. బొటనవేలు పైకి స్వేచ్ఛగా లేవాలి. పిస్టల్ మొత్తం 420 పొడవు, 200 ఎత్తు, 50 వెడల్పు మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. కొత్తవాళ్ళు ఎక్కువగా దొరికిపోయేది ఆ 50 దగ్గరే, అరచేతి ఉబ్బుకి పుట్టీ మీద పుట్టీ వేసి. అట్టముక్కలతో అదే కొలత పెట్టె చేసి ఇంట్లోనే చూసుకోండి.

## ట్రిగ్గర్, సైట్లు, బరువులు

ట్రిగ్గర్ 500 గ్రాములు అంటే ఏమిటి? ఇంట్లో ఎలా తూచాలి?

బారెల్ నిలువుగా పైకి పెట్టి, ట్రిగ్గర్‌కి 500 గ్రాముల బరువు తగిలించి పైకెత్తితే పిస్టల్ పేలకూడదు. అదే పరీక్ష. ఇంట్లో అయితే అర లీటరు నీళ్ళ సీసాకి తాడు కట్టి, వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి, సీసా, తాడు, నీళ్ళు అన్నీ కలిపి 515 గ్రాములు వచ్చేలా నీళ్ళు తీసేయండి. పెల్లెట్ లేదని రెండుసార్లు చూసి, డ్రై ఫైర్‌లో (పెల్లెట్ కాల్చకుండా ట్రిగ్గర్ మాత్రమే పనిచేసే అమరికలో) పెట్టి ఎత్తండి. సరిగ్గా 500 దగ్గర పెట్టకండి. నేను అలాగే పెట్టి రాత్రి రైల్లో పోటీకి వెళ్ళాను. తూకం టేబుల్ దగ్గర మొదటిసారి టక్‌మంది. రెండోసారీ టక్. వెనక లైన్లో ఇరవై మంది. పక్కనున్న కుర్రాడి అలెన్ కీ అడుక్కుని, వణికే వేళ్ళతో స్క్రూ పావు చుట్టు బిగిస్తే మూడోసారి ఆగింది. ఆ రోజు స్కోరు గురించి అడక్కండి.

మొదటి దశ, రెండో దశ అంటున్నారు. ఎంతెంత పెట్టాలి?

ట్రిగ్గర్ మొదట తేలిగ్గా వెనక్కి వస్తుంది, తర్వాత ఒక గోడలా ఆగుతుంది, ఇంకాస్త నొక్కితే పేలుతుంది. రెండూ కలిపితే 500 దాటాలి. కొత్తవాళ్ళకి మొదటి దశలో ఎక్కువ బరువు, సుమారు 350 నుంచి 400 పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. వేలు అప్పటికే పనిలో ఉంటుంది కాబట్టి మిగిలిన వంద కోసం గుంజరు. ప్రతి మార్పు తర్వాత స్క్రూ ఎన్ని చుట్లు తిప్పారో నోట్‌బుక్‌లో రాయండి. రాయకపోతే వెనక్కి వచ్చే దారి ఉండదు.

మెకానికల్ ట్రిగ్గరా, ఎలక్ట్రానిక్ ట్రిగ్గరా?

ఎలక్ట్రానిక్ చాలా సాఫీగా ఉంటుంది, ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. బ్యాటరీ, సర్క్యూట్ ఉన్నదేదైనా మొరాయించే రోజు ఒకటి ఉంటుంది. టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించి విలువైన నిమిషాలు పోయాయి, ఫైనల్‌కి చేరలేదు. అదే మను 2024 పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది, అందులో ఒకటి సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి. హాబీకైతే, దగ్గర్లో బాగుచేసేవాళ్ళు లేని ఊళ్ళో ఉంటే, మెకానికల్ తీసుకోండి.

సైట్లలో ఏం మార్చొచ్చు? కళ్ళద్దాలు ఉన్నాయి, కనపడట్లేదు.

ముందు సైట్ వెడల్పు, వెనక నాచ్ వెడల్పు మార్చొచ్చు. ముందు సైట్‌కి అటూ ఇటూ వెలుగు గీతలు స్పష్టంగా కనపడేంత ఖాళీ ఉండాలి. నలభై దాటినవాళ్ళకి ఇంకొంచెం ఎక్కువ. పిస్టల్‌కి లెన్స్ తగిలించడం నిషిద్ధం, కళ్ళద్దాలు పెట్టుకోవచ్చు. చూపు నిలవాల్సింది ముందు సైట్ మీద, కార్డు మసకగానే ఉండాలి. అందుకే దూరపు చూపు నంబరుకి సుమారు 0.50 నుంచి 0.75 ప్లస్ కలిపిన అద్దం చాలామందికి సరిపోతుంది. చేతిలో పిస్టల్ లేకపోయినా చాచిన చేతి దూరం టేపుతో కొలిచి కళ్ళ డాక్టర్‌కి చెప్పండి. రెండో కన్ను ఇబ్బంది పెడితే మూసుకోకండి, 30 మిల్లీమీటర్ల వెడల్పు లోపు అట్టముక్క అడ్డం పెట్టుకోవచ్చు.

బారెల్‌కి బరువులు తగిలిస్తే ఊగడం తగ్గుతుందా?

కాస్త తగ్గుతుంది, నలభయ్యో షాట్ దాకా. పోటీలో 60 షాట్లు, ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద 75 నిమిషాలు. ఆ తర్వాతి ఇరవైలో భుజం దాని సంగతి చెప్తుంది. నియమం ప్రకారం పిస్టల్ 1500 గ్రాములు దాటకూడదు, మామూలుగా కిలోకి అటూ ఇటూ ఉంటుంది. మొదటి ఏడాది బరువులు పెట్టెలోనే ఉండనివ్వండి.

లోపలి రెగ్యులేటర్, వాల్వ్ విప్పి శుభ్రం చేయొచ్చా?

విప్పకండి. ఒత్తిడి ఉన్న గాలి, కంటికి కనపడని సీళ్ళు. ఏడాదికో రెండేళ్ళకో కంపెనీ చెప్పిన సర్వీసుకి ఇవ్వండి.

## ఇంట్లో, రేంజ్‌లో

సిలిండర్‌లో గాలి ఎలా నింపాలి?

స్కూబా సిలిండర్ నుంచో, దానికోసం చేసిన చేతి పంపుతోనో. నింపాల్సింది పొడి గాలి మాత్రమే, సాధారణంగా 200 బార్ల వరకు. ఆక్సిజన్ సిలిండర్ దొరికింది కదా అని దానితో నింపితే పేలిపోతుంది, తమాషాకి అనట్లేదు. సిలిండర్ బిగించే మర చుట్ల మీద నూనె, గ్రీజు రాయకండి. నెమ్మదిగా నింపండి, సిలిండర్ వేడెక్కితే ఆగండి. ఒకసారి నింపితే సుమారు 150 నుంచి 200 షాట్లు వస్తాయి.

ఫ్లాట్‌లో ప్రాక్టీస్ చేయొచ్చా?

పెల్లెట్ లేకుండా డ్రై ఫైర్ అయితే హాయిగా చేయండి. నా ప్రాక్టీస్‌లో సగానికి పైగా అదే, పడకగది తెల్ల గోడ ముందు. పెల్లెట్లతో అయితే 10 మీటర్ల మూసిన స్థలం, ఇనుప పెల్లెట్ ట్రాప్, దాని వెనక గట్టి గోడ, కాల్చేటప్పుడు ఎవరూ తలుపు తెరుచుకుని రాని ఏర్పాటు, కళ్ళకి రక్షణ ఉండాలి. డాబా మీద, బాల్కనీలో వద్దు. ఎదురింటావిడకి అది ఎయిర్ పిస్టల్ అని తెలియదు. ఆవిడ 100కి ఫోన్ చేస్తే తప్పు ఆవిడది కాదు.

పెల్లెట్లు ఏవి వాడాలి?

ముక్కు చదునుగా ఉండే రకం. కార్డుకి గుండ్రటి, శుభ్రమైన చిల్లు పడుతుంది, స్కోరు చూడడం తేలిక. అవి సీసంతో చేసినవి. రేంజ్‌లో చేతులు కడక్కుండా సమోసా తినకండి. పెల్లెట్‌ని పెదాల మధ్య పెట్టుకునే అలవాటు కొందరికి ఉంది, అస్సలు వద్దు.

బస్సులో, రైల్లో, విమానంలో ఎలా తీసుకెళ్ళాలి?

తాళం వేసిన గట్టి కేసులో, బిల్లు, అసోసియేషన్ కార్డు, పోటీ ఆహ్వానం కాపీతో. బయట ఎక్కడా కేసు తెరవకండి, ఫ్రెండ్ చూపించమన్నా సరే. విమానానికి ముందే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి, కౌంటర్‌లో చెప్పి చెక్ ఇన్ లగేజీలో వేయాలి. సిలిండర్ విప్పి గాలి పూర్తిగా తీసేయాలి. విమానాశ్రయానికి మామూలు కన్నా గంట ముందు వెళ్ళండి, ప్రతిసారీ ఒక కొత్త ఉద్యోగికి మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది.

## మొదటి పోటీకి ముందు

పోటీ దగ్గర పడింది. గ్రిప్ ఇంకాస్త గీకాలనిపిస్తోంది.

ఆకురాయి ఎవరికైనా ఇచ్చేయండి. పోటీకి మూడు వారాల ముందు నుంచి చెక్క, ట్రిగ్గర్, సైట్లు దేన్నీ మార్చకూడదు. చెయ్యి కొత్త ఆకారానికి అలవాటు పడడానికి కనీసం వెయ్యి షాట్లు పడుతుందని నా అనుభవం. ఆ టెన్షన్‌లో గ్రిప్ తప్పుగా అనిపించడం మామూలే, చాలాసార్లు తప్పు నిద్రది.

సంచీలో ఏమేం పెట్టుకోవాలి?

పిస్టల్ ఖాళీగా ఉందని చూపే నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్ ముందు. బారెల్‌లో అది కనపడకపోతే లైన్ మీద అరుపులు వినాల్సి వస్తుంది. అలెన్ కీలు, స్క్రూ డ్రైవర్, గాలి నింపిన రెండో సిలిండర్, పెల్లెట్లు రెండు డబ్బాలు, ఎలక్ట్రానిక్ అయితే కొత్త బ్యాటరీ. చీలమండ ఎముకని కప్పని బూట్లు, చేతులు తుడుచుకునే గుడ్డ. సైట్ స్క్రూలు ఎన్ని క్లిక్కుల దగ్గర ఉన్నాయో రాసుకున్న చీటీ.

గ్రిప్‌కి పెట్టిన పుట్టీ పోటీ మధ్యలో ఊడితే?

నాకు ఊడింది, ముప్పై రెండో షాట్ దగ్గర, ఆ బొటనవేలి కిందదే. చెయ్యెత్తి అధికారిని పిలవండి, పిస్టల్ దించి ఫ్లాగ్ పెట్టండి, సమస్య చెప్పి అనుమతి అడగండి. ఊడిన పెచ్చుని అక్కడే అతికించాలని చూడకండి, ఆరదు, జారుతుంది. నేను పెచ్చు జేబులో వేసుకుని ఖాళీతోనే మిగిలిన ఇరవై ఎనిమిదీ కాల్చాను. ఆ పెచ్చు ఇప్పటికీ నా కేసులో ఉంది, దాని మీద నా వేలి ముద్ర గీతలతో సహా. కొత్త ముద్ద పెట్టేటప్పుడు అదే కొలత.